ఎవరి క్రమశిక్షణ? ఎవరి పొదుపు?

పార్టీకి రచయిత ఎంతవరకు కట్టుబడి ఉండాలన్న చర్చ మన సాహిత్య సభలకు కొత్త కాదు. అయితే ఆ చర్చ ఎప్పుడూ వ్యక్తి స్వేచ్ఛ, సంస్థ నిబంధన అనే రెండు గుంజల మధ్యనే తిరుగుతూ ఉంటుంది. ఆ నిబంధన ఏ వర్గ ప్రయోజనాన్ని కాపాడుతున్నది అన్న మూడో ప్రశ్న వెనకబడిపోతుంది. ఆ ప్రశ్నను ముందుకు తేవడానికి బ్రిటిష్ లేబర్ పార్టీ చరిత్రలోని 1931వ సంవత్సరం కన్న మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

1929 మే ఎన్నికల్లో లేబర్ పార్టీ మొదటిసారిగా అతి పెద్ద పార్టీగా గెలిచింది. మెజారిటీ మాత్రం రాలేదు. లిబరళ్ళ దయమీద ఆధారపడి రామ్సే మాక్డొనాల్డ్ రెండోసారి ప్రధాని అయ్యాడు. ఆయన స్కాట్లాండులో ఒక పనిమనిషికి పుట్టిన బిడ్డ. ఆర్థికమంత్రి ఫిలిప్ స్నోడెన్ నేతపనివారి ఇంట పుట్టినవాడు. 1914లో యుద్ధాన్ని సమర్థించిన తమ పార్టీనే ఎదిరించి నిలిచినవాళ్ళు వీళ్ళిద్దరూ. మాక్డొనాల్డ్ అందుకోసం పార్లమెంటరీ పార్టీ నాయకత్వాన్నే వదులుకున్నాడు. అంటే క్రమశిక్షణను ధిక్కరించడం ఎట్లాగో తెలియనివాళ్ళు కారు.

అదే ఏడాది అక్టోబరులో న్యూయార్కు షేర్ల మార్కెట్టు కూలింది. బ్రిటన్‌లో 1929లో పన్నెండు లక్షల దరిదాపుల్లో ఉన్న నిరుద్యోగులు 1930 ముగిసేనాటికి 25 లక్షలయ్యారు. భృతి ఖర్చు పెరిగింది, పన్నుల రాబడి తగ్గింది. ప్రభుత్వ ఖర్చు తగ్గించే మార్గాలు చూపమని వేసిన సంఘానికి జార్జి మే అధ్యక్షుడు. ఆయన ఒక పెద్ద బీమా కంపెనీ నుంచి వచ్చినవాడు. 1931 జులై 31న వెలువడిన నివేదిక 12 కోట్ల పౌన్ల లోటు రాబోతున్నదని చెప్పింది. 9 కోట్ల 65 లక్షలు ఖర్చులో కోయమన్నది. అందులో 6 కోట్ల 65 లక్షలు నిరుద్యోగుల పద్దులోనివే. భృతిని నూటికి ఇరవై వంతులు తగ్గించాలట. ఏడుగురు సభ్యుల్లో లేబర్ పక్షాన ఉన్న ఇద్దరు మాత్రమే ఒప్పుకోలేదు.

ఈ లోటు లెక్కలో ఒక మర్మం ఉంది. పాత అప్పు తీర్చడానికి ఏటా పక్కన పెట్టే సుమారు 5 కోట్ల పౌన్లను కూడా మామూలు ఖర్చుగానే చూపించారు. మాంద్యం రోజుల్లో అప్పు తీర్చడం వాయిదా వేయవచ్చు, ఆకలిని వాయిదా వేయలేము. కాని నివేదిక దృష్టిలో రుణదాతకు ఇవ్వవలసింది పవిత్రం, నిరుద్యోగికి ఇచ్చేది దుబారా. కీన్స్ వంటి ఆర్థికవేత్తలు ఈ నివేదికను తీవ్రంగా దుయ్యబట్టారు. వినేవారెవరు? ఆస్ట్రియాలో, జర్మనీలో బ్యాంకులు మూతపడుతున్నాయి. లండన్ నుంచి బంగారం తరలిపోతున్నది. అప్పు కావాలంటే ముందు బడ్జెట్టు సరిచేయండని న్యూయార్కు బ్యాంకర్లు తేల్చారు. ఆగస్టు 20న ట్రేడ్ యూనియన్ల తరపున బెవిన్, సిట్రిన్ వచ్చి కోతలకు మేము ఒప్పుకోమన్నారు. మంత్రివర్గం అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఆగస్టు 23 రాత్రి నిరుద్యోగ భృతిలో నూటికి పది వంతుల కోత మీద మంత్రులు చీలిపోయారు. పదకొండుగురు సరేనన్నారు. ఆర్థర్ హెండర్సన్, జార్జి లాన్స్‌బరీ మొదలైన తొమ్మిదిమంది కాదన్నారు. మరునాడు మాక్డొనాల్డ్ కన్సర్వేటివులతో, లిబరళ్ళతో కలిసి జాతీయ ప్రభుత్వం ఏర్పాటు చేశాడు. సెప్టెంబరు చివర పార్టీ ఆయనను బహిష్కరించింది. అక్టోబరు 27 ఎన్నికల్లో లేబర్ పక్షానికి మిగిలినవి 52 స్థానాలు.

ఇక్కడినుంచి లేబర్ పార్టీలో ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. మాక్డొనాల్డ్ ద్రోహి. ప్రభువుల విందులకు, వారి స్నేహాలకు లోబడి కార్మికులను అమ్మేశాడు. కథ ఆకర్షణీయంగా ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కాని చరిత్రగా అది చాలదు. కాదన్న తొమ్మిదిమందితో సహా ఆ మంత్రివర్గం అంతా 5 కోట్ల 60 లక్షల పౌన్ల కోతలకు అప్పటికే తలూపింది. భృతి రేటు ఒక్కటే వాళ్ళు దాటలేని గీత. బడ్జెట్టు సమతూకం, బంగారు ప్రమాణం అనే బ్యాంకర్ల సూత్రాలను పదకొండుగురూ నమ్మారు, తొమ్మిదిమందీ నమ్మారు. సోషలిజం ఉపన్యాసాల్లో ఉంది. ఖజానాలో మాత్రం పాత శాస్త్రమే రాజ్యం చేసింది. తనదైన ఆర్థిక అవగాహన లేని పార్టీకి ఎంత క్రమశిక్షణ ఉన్నా, ఆ క్రమశిక్షణ చివరికి బయటివాడి ఆజ్ఞనే అమలు చేస్తుంది.

ఈ మాటకు రుజువు అంతకు ముందరి నెలల్లోనే ఉంది. 1931 జులైలో కార్మిక మంత్రి మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ ఒక బిల్లు తెచ్చింది. ఆమె ఒకప్పుడు దుకాణంలో పనిచేసిన మనిషి, బ్రిటన్‌లో మొదటి మహిళా కాబినెట్ మంత్రి. భృతిలోని అక్రమాలను సరిదిద్దడం పేరుతో వచ్చిన ఆ చట్టం వివాహిత స్త్రీలను, సీజను కూలీలను దెబ్బతీసింది. ఇండిపెండెంట్ లేబర్ పార్టీకి చెందిన జేమ్స్ మాక్స్‌టన్, ఆయన మిత్రులు సభలో ఆ బిల్లుతో తలపడ్డారు. వాళ్ళు తిరుగుబాటుదారులు అనిపించుకున్నారు. పార్లమెంటరీ పార్టీ నిర్ణయానికి వ్యతిరేకంగా ఓటు వేయరాదన్నది నియమం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు చూశారు వాళ్ళను.

విచిత్రమేమంటే, నాయకుడే అవతలి పక్షంలో చేరిపోయిన తరువాత కూడా ఆ నియమం చెక్కుచెదరలేదు. నియమానికి సంతకం చేయమన్న మాక్స్‌టన్ వంటి వారికి అక్టోబరు ఎన్నికల్లో పార్టీ మద్దతు దక్కలేదు. కోతను ముందే ఎదిరించినవాడు, కోత పెట్టి వెళ్ళిపోయినవాడు ఇద్దరూ ఒకే శిక్షాస్మృతి కింద దోషులయ్యారు. 1932 జులైలో బ్రాడ్‌ఫర్డ్ సమావేశంలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ లేబర్ పార్టీతో తెగతెంపులు చేసుకుంది. మూడేళ్ళలో దాని సభ్యత్వం దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది.

కాబట్టి ధిక్కారం దానంతటదే సద్గుణమని కూడా అనలేము. ఆస్వాల్డ్ మోస్లీ మరో హెచ్చరిక. ప్రభుత్వం ఖర్చు పెంచి పనులు కల్పించాలని 1930లో మంత్రిగా ఉండి కోరిన మనిషి. మాట సాగక రాజీనామా చేశాడు, వేరే పార్టీ పెట్టాడు, 1932 నాటికి ఫాసిస్టుల నాయకుడయ్యాడు. లెక్క సరిగా వేసినవాడు కూడా ప్రజాస్వామిక ఉద్యమపు కట్టుబాటు తెంచుకుంటే ఎక్కడ తేలగలడో ఇది చూపిస్తుంది. క్రమశిక్షణ వద్దనడం నా ఉద్దేశం కాదు. అది ఎవరికి జవాబు చెబుతున్నదో అడగాలంటున్నాను.

కోత మాత్రం అమలైంది. పురుషుడి వారపు భృతి 17 షిల్లింగుల నుంచి 15 షిల్లింగుల 3 పెన్నీలకు దిగింది. ఉపాధ్యాయుల జీతాల్లో 15 వంతులు కోయాలని తలపెట్టి, గగ్గోలు పుట్టాక 10కి తగ్గించారు. బడిపంతులు జీతం దేశ ద్రవ్యస్థితికి మొదటి అడ్డంకిగా కనిపించడం ఏ దేశంలోనైనా మాకు ఆశ్చర్యం కలిగించదు. రోజుకు 4 షిల్లింగులు తెచ్చుకునే నావికుడికి 3 షిల్లింగులే అన్నారు. సెప్టెంబరు 15న ఇన్వర్‌గార్డన్ రేవులో నౌకాదళం పని నిలిపివేసింది. క్రమశిక్షణకు పెట్టింది పేరైన చోటే అది తెగింది. ఆ వార్తతో బంగారం మరింత తరలిపోయింది. సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది. దేన్ని కాపాడటానికి పేదవాడి కంచంలో చెయ్యి పెట్టారో, అది నాలుగు వారాలు కూడా నిలవలేదు. ఆకాశమూ విరిగి మీద పడలేదు.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ వాల్టర్ గ్రీన్‌వుడ్ 1933లో రాసిన ‘లవ్ ఆన్ ది డోల్’ నవలను చూడాలి. భృతి గడువు తీరిన కుటుంబంలో ఎవరెంత సంపాదిస్తున్నారో విచారించి సాయం కోసే పద్ధతి 1931 నవంబరులో వచ్చింది. కొడుకు కూలి చూపించి తండ్రి భృతి ఆపేవారు. శాల్‌ఫర్డ్ మురికివాడలోని హార్డ్‌కాసిల్ కుటుంబాన్ని గ్రీన్‌వుడ్ ఆ చట్రంలో నిలబెట్టాడు. చివరికి తండ్రికి, తమ్ముడికి పని దొరకడం కోసం శాలీ ఒక పందేల వ్యాపారికి ఉంపుడుగత్తెగా వెళుతుంది. మంత్రివర్గం ఆ నవలలో పాత్ర కాదు. కాని మంత్రివర్గం దాచిన లెక్క అందులో తేలుతుంది: ఖజానాలో మిగిలిన షిల్లింగు ఎవరి ఒంటిమీద నుంచి వచ్చిందో. ఆ 1930ల లండన్‌లోనే ముల్క్ రాజ్ ఆనంద్, సజ్జాద్ జహీర్ వంటివారు భారతీయ అభ్యుదయ రచయితల సంఘానికి అంకురార్పణ చేశారన్నది మనం మరవకూడదు. ఆ గాలి పీల్చి పుట్టిన ఉద్యమమే 1943లో తెనాలి దాకా వచ్చింది.

అదే కథ మళ్ళీ మళ్ళీ జరిగింది. 1951లో కట్టుడు పళ్ళకు, కళ్ళద్దాలకు రుసుము పెట్టి ఆ ఏడాదికి 1 కోటి 30 లక్షల పౌన్లు మిగల్చాలనుకున్న లేబర్ ప్రభుత్వమే మూడేళ్ళలో 470 కోట్ల పౌన్ల ఆయుధ పథకం పెట్టుకుంది. ఉచిత వైద్యాన్ని నిర్మించిన అనూరిన్ బెవన్ మంత్రి పదవి వదిలాడు, కాని పార్టీలోనే ఉండి పోరాడాడు. 2024 జులైలో, ఇద్దరు పిల్లలకు మించి సాయం లేదన్న నిబంధనను రద్దు చేయాలని ఓటు వేసిన ఏడుగురు లేబర్ సభ్యులను పార్లమెంటరీ పార్టీనుంచి ఆరు నెలలు సస్పెండ్ చేశారు. 2025 నవంబరు బడ్జెట్టులో ఆ నిబంధనను ఎత్తివేస్తామని అదే ప్రభుత్వం ప్రకటించింది. ఏడుగురూ శిక్ష అనుభవించింది పదహారు నెలలు ముందుగా నిజం చెప్పినందుకు.

మన కథల్లో, నవలల్లో ఉద్యమం ఓడిపోయినప్పుడు ఒక ద్రోహిని సృష్టించి ఊరట పొందడం పరిపాటి అయింది. ద్రోహి దొరికితే సిద్ధాంతాన్ని పరీక్షించనక్కరలేదు, నియమాన్ని ప్రశ్నించనక్కరలేదు. 1931 మనకు అంత సులువైన దారి ఇవ్వదు. ఆ ఆగస్టు రాత్రి ఒక గదిలో ఇరవైమంది మనుషులున్నారు, వాళ్ళలో చాలామంది మంచివాళ్ళు, చాలామంది పేదరికం చవిచూసినవాళ్ళు. వాళ్ళందరి నోటా పలికింది అక్కడ లేని బ్యాంకరు భాష. ఆ భాషను గుర్తుపట్టి, అది ఎవరిదో పేరు పెట్టి చెప్పడం రచయిత పని. ఏ పార్టీ నిబంధనావళీ ఆ పనిని అతని తరపున చేసిపెట్టదు.