అజంతా విద్యార్థులు: కళాచరిత్ర పరిశోధనకు పోషణము

అజంతా చిత్రములను గూర్చి వ్రాయువారు గ్రిఫిత్స్, హెరింగ్‌హామ్, యాజ్దానీ అను మూడు పేర్లను తప్పక పేర్కొందురు. కాని ఆ చిత్రముల యెదుట, చాలీచాలని వెలుతురున, నెలల తరబడి కూర్చుండి ఒక్కొక్క రేఖను గుడ్డమీదికిని కాగితము మీదికిని దించినవారిలో పలువురు విద్యార్థులు. వారి దారిఖర్చు లెవరు పెట్టుకొనిరి, ఆ వ్యయమునకు దక్కిన ఫలితమేమి అను ప్రశ్నలను మన కళాచరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. బి.ఏ., బి.ఎఫ్.ఏ. తరగతులలో కళాచరిత్ర చదువు విద్యార్థికి పరిశోధనకై ద్రవ్యసహాయ మవసరమా అను చర్చ వచ్చినపుడెల్ల నాకు ఈ ప్రశ్నలే తోచుచుండును.

1844లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు సైన్యమునకు చెందిన రాబర్ట్ గిల్ అను అధికారిని ప్రతికృతుల రచనకై అజంతాకు పంపిరి. అతని చిత్రములలో అధికభాగము 1866లో లండను సమీపమున క్రిస్టల్ పాలెస్ అగ్నిప్రమాదమున భస్మమైనది. అటుపిమ్మట 1872లో బొంబాయి జె.జె. కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్, బొంబాయి ప్రభుత్వద్రవ్యముతో, తన శిష్యులను వెంటబెట్టుకొని మరల ఆ పనికి పూనుకొనెను. 1885 వరకు ఆ పని సాగినది. ఆ ప్రతికృతులలో కూడ పెక్కు 1885లోనే లండనులో అగ్గిపాలైనవి. మిగిలినవాటి యాధారమున 1896, 1897 సంవత్సరములలో రెండు పెద్ద సంపుటములు వెలువడినవి. ఆ శిష్యబృందములో పెస్తన్‌జీ బొమన్‌జీ వంటి వాడు తరువాత చిత్రకారుడుగా ప్రసిద్ధి కెక్కెను. ఎక్కువమంది పేర్లు పాఠకునకు తెలియవు. చిత్రములు స్పష్టముగా కనబడవలెనని పూసిన వార్నిషు కాలక్రమమున చిత్రములకే హాని చేసినదని నిపుణులు చెప్పుదురు. అది వేరు సంగతి. ఇచ్చట గమనింపవలసిన దేమనగా, ప్రభుత్వద్రవ్యము విద్యార్థిచేత పని చేయించుకొనినది గాని, అతనికొక ప్రశ్న నిచ్చి, దాని సమాధానము నతనినే వెదకుకొమ్మని చెప్పలేదు. కూలికిని పోషణమునకును గల భేదమిదియే.

ఈ భేదము హెరింగ్‌హామ్ పూనికలో తేటపడును. క్రిస్టియానా హెరింగ్‌హామ్ (1852-1929) ఇటలీ భాషలోని చెన్నీని చిత్రలేఖనగ్రంథమును 1899లో ఆంగ్లీకరించిన విదుషి. గోడచిత్రముల రచనాపద్ధతులపై స్వయముగా ప్రయోగములు చేసినది. 1906లో అజంతాను తొలిసారి చూచి, 1909-10, 1910-11 శీతకాలములలో ప్రతికృతులకై మరల వచ్చినది. ఆమెకు తోడుగా కలకత్తానుండి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, వెంకటప్ప, సమరేంద్రనాథ్ గుప్త అను నలుగురు యువకులు పోయిరి. వారిని పంపినవాడు గురువగు అవనీంద్రనాథ ఠాకూరు. వెనుకనుండి ప్రోత్సహించినది సోదరి నివేదిత. నాడు అజంతా నైజాం రాజ్యములోనిది గావున హైదరాబాదునుండి సయ్యద్ అహమద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ అను ఇరువురు చిత్రకారులు కూడ ఆ బృందమున చేరిరి. 1915లో ఇండియా సొసైటీవారు ఆ ప్రతికృతులను గ్రంథముగా ప్రకటించినపుడు, అవి హెరింగ్‌హామ్ దొరసాని, ఆమె సహాయకులు చేసినవని ముఖపత్రముననే తెలిపిరి.

ఆ సహాయకులలో హల్దార్ 1890లో జన్మించినవాడు. అనగా అజంతాకు పోవునాటికి అతనికి పందొమ్మిదేండ్లు. నేటి లెక్కలో డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి. తిరిగివచ్చిన పిమ్మట అతడు ఊరకుండలేదు. 1913లో వంగభాషలో అజంతాను గూర్చి ఒక పుస్తకమును, తరువాత బాఘ్ గుహలను, రామగఢ్‌ను గూర్చి మరియొకదానిని వ్రాసెను. కుంచె పట్టినవాడు చరిత్రకారుడైన తీరు ఇది. 1925లో లక్నో కళాశాలకు ప్రధానాధ్యాపకుడయ్యెను. సమరేంద్రనాథుడు లాహోరు మేయో కళాశాలకు పోయెను. వెంకటప్ప మైసూరునకు మరలెను. నందలాల్ శాంతినికేతనమున కళాభవనమును తీర్చిదిద్దెను. సయ్యద్ అహమద్ నైజాం పురావస్తుశాఖలో అజంతా గుహలకే సంరక్షకుడయ్యెను. రెండు శీతకాలముల దారిఖర్చులు, భోజనపు ఖర్చులు ఇన్ని విద్యాలయములకు బోధకులను సమకూర్చినవి. వీరిలో ప్రతిభ ముందే యున్నదనియు, అజంతాకు పోకున్నను పైకి వచ్చియుండెడి వారనియు ఆక్షేపింపవచ్చును. కావచ్చును. కాని హల్దార్ ఆ పుస్తకమును కలకత్తాలో కూర్చుండి వ్రాసియుండెడి వాడని మాత్రము నేను నమ్మజాలను.

మన ప్రాంతమునకు వచ్చినచో, రాజమహేంద్రవరము కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరను స్మరింపక తప్పదు. అతడు తన శిష్యులను అజంతా, ఎల్లోరా గుహలకు తీసికొనిపోయి చూపెను. దామెర్ల రామారావు (1897-1925) అతని ప్రోత్సాహముననే బొంబాయి జె.జె. కళాశాలకు పోయెను. అడివి బాపిరాజు చిత్రకారుడుగను, శాతవాహనుల కాలము నితివృత్తముగా గొని 'హిమబిందు' వ్రాసిన నవలాకారుడుగను మనకు తెలిసినవాడే. బాపిరాజు నవలలలోని వస్త్రాభరణ వర్ణనలను చదువునపుడు, ఈయన వీనిని పుస్తకములలో చదివి వ్రాసినవాడు కాడు, గోడలమీద చూచి వ్రాసినవాడు అని నాకు తోచుచుండును. కూల్డ్రే చేసిన సాయమునకు ఏ పథకము పేరును లేదు. అతడు బదిలీయైనను, స్వదేశమునకు మరలినను ఆ సాయము ఆగిపోవునట్టిది. వ్యక్తి ఔదార్యమున గల లోపమిది.

ఇక నేటి స్థితి. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి పరిశోధకవేతనము ఎం.ఏ. గాని, నాలుగేండ్ల డిగ్రీ గాని ముగించినవారికి. కేంద్ర సంస్కృతి శాఖవారు పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్ల వయస్సుగల యువకళాకారులకు ఉపకారవేతనము లిచ్చుచున్నారు; కాని అవి కళను అభ్యసించువారికి, కళాచరిత్రను శోధించువారికి కావు. భౌతిక, రసాయన శాస్త్రముల విద్యార్థి వేసవిలో రెండు నెలలు ఒక ప్రయోగశాలలో పనిచేయుటకు విజ్ఞానశాస్త్ర పరిషత్తులు భృతి నొసగుచున్నవి. కళాచరిత్ర విద్యార్థికి అట్టి వేసవి నా యెరుకలో లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల డిగ్రీలో పరిశోధనకు స్థానము కల్పించినది. మొదటి ఆరు సెమిస్టరులలో నూటికి డెబ్బదియైదు మార్కులు తెచ్చుకొన్నవారు నాలుగవ యేట పరిశోధనను ఎన్నుకొనవచ్చునని 2022లో నియమము వచ్చినది. స్థానము వచ్చినది గాని దానితో దారిఖర్చు రాలేదు. అజంతాకు పోవునాటి హల్దార్ నేడు మన కార్యాలయమునకు వచ్చి దరఖాస్తు కోరినచో, గుమాస్తా అతనిని ఎం.ఏ. ముగించుకొని రమ్మనును.

కళాచరిత్రకు దారిఖర్చు ప్రయోగశాలయంత అవసరము. అమరావతి స్తూపశిల్పములలో ముఖ్యమైనవి కృష్ణాతీరమున లేవు. చెన్నై ప్రభుత్వ సంగ్రహాలయమునను, లండను బ్రిటిష్ మ్యూజియమునను ఉన్నవి. గుంటూరు విద్యార్థి తన ప్రాంతపు శిల్పమును చూచుటకు మరియొక రాష్ట్రమునకు పోవలెను. నేను బి.ఏ. చదువుచుండగా ఈ నిమిత్తమే సెలవును, కొంత సొమ్మును కోరితిని. కళాశాలవారు సెలవు నిచ్చిరి. సొమ్మునకు పద్దు లేదనిరి. సహాధ్యాయివద్ద అప్పుచేసి పోయి, ఒక్క పగలు చూచి, రాత్రి బండికే తిరిగివచ్చితిని. ఛాయాచిత్రములలో ఎంత చూచినను తెలియని సంగతి ఒకటి ఆ పగలు తెలిసినది: ఆ సున్నపురాతి ఫలకములలో శిల్పి ఎంత లోతునకు చెక్కెనో, నీడ ఎచ్చట పడవలెనని కోరెనో. రెండవ పగలు ఉండగలిగినచో ఏమి చూచియుందునో చెప్పలేను.

తెలుగుశాఖ పత్రికలో ఈ ప్రసంగ మేల యని కొందరనవచ్చును. కావ్యములందలి కుళ్లాయి యెట్టిదో నిఘంటువు చెప్పుదానికంటె లేపాక్షి మండపపు కప్పుమీది చిత్రములు బాగుగా చెప్పును. ప్రబంధములలోని చీరల అంచులను, జడల తీరులను ఆ చిత్రములతో పోల్చుట డిగ్రీ విద్యార్థి చేయదగిన పనియే. దానికి కావలసినది రెండు వారముల బస, బస్సుచార్జీలు, మంచి దుర్భిణి, సందేహము తీర్చు అధ్యాపకుడు. ఏటేట మన శాఖ ఇద్దరు విద్యార్థులను, వారు స్వయముగా వ్రాసి తెచ్చిన ప్రశ్నతో, ఇట్లు పంపవచ్చును. వారు తెచ్చిన రేఖాచిత్రములు, వ్రాతలు గ్రంథాలయమున వారి పేరుతోనే భద్రపరుపవలెను. ఎవరిని పంపవలెనన్న నిర్ణయము మార్కులనుబట్టి కాక ప్రశ్ననుబట్టి జరుగవలెనని నా మతము. ఇందు పక్షపాతమునకు తావు కలదని సహాధ్యాపకులలో ఒకరు అభ్యంతరము చెప్పిరి. ఆ మాట నిజమే. అందుచేత ప్రశ్నలను పేరులేకుండ ముగ్గురు అధ్యాపకులు విడివిడిగా చదువు పద్ధతిని రాబోవు శాఖాసమావేశమున ప్రతిపాదింపనున్నాను.