ఘనపురం కొండ ఎక్కితే

కోటలంటే మనకు గోలకొండ, కాకపోతే గద్వాల. గద్వాల పేరు చెబితే కోట కంటే ముందు చీరే గుర్తుకొస్తుందనుకోండి, అది వేరే సంగతి. మహబూబ్‌నగర్‌కూ వనపర్తికీ నడుమ ఖిల్లా ఘనపురం అనే ఊరుంది. ఆ ఊరి కొండను మీలో ఎంతమంది చూశారు?

కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు రాజ్యమేలాడు. ఆయన సామంతులైన గోనవారికి వర్ధమానపురం రాజధాని. నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమానే అది. ఆ వంశంలోని గోన గణపరెడ్డి రెండు కొండలను గోడలతో కలిపి ఈ దుర్గాన్ని కట్టించాడంటారు. ప్రభువు పేర ఊరు గణపురం, చెరువు గణప సముద్రం అయ్యాయి. ఊరి పేరు జనం నోట నలిగి ఘనపురమైంది. కాకతీయుల తరవాత కూడా దీనికోసం పోట్లాటలు జరిగాయి.

కొండ మీద కోటకు శత్రువు కంటే దాహమే పెద్ద భయం. రాతి గుంటల్లో పట్టిన వాననీరు ఎన్నాళ్లు వస్తే కోట అన్నాళ్లే నిలుస్తుంది. ముట్టడి నాళ్లలో ఆ నీళ్లు తోడి, కొలిచి, పొదుపు చేసి వండిపెట్టిన చేతులెవరివో మనకు వేరే చెప్పాలా? వారి పేర్లు మాత్రం ఏ గోడ మీదా కనిపించవు.

మగవారి సంగతి అలా కాదు. గోన గన్నయరెడ్డి సేనాని విఠలనాథుడు 1294లో రాయచూరు కోట కట్టించి, నలభై అడుగులకు మించిన ఒకే రాతి మీద తెలుగులో శాసనం చెక్కించాడు. ఆ రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో బొమ్మ కూడా వేయించాడు! ఈ గన్నారెడ్డి మీదే అడివి బాపిరాజుగారు నవల రాశారు. 2015లో సినిమాలోనూ చూశాం.

అయితే అదే ఇంటి ఆడపడుచు ఒకామె ఉంది. రంగనాథ రామాయణం రచించిన గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక. మల్యాల గుండనకు ఇల్లాలు. భర్త పోయిన తరవాత ఆయన పేర గుడి కట్టించి, 1276లో బూదపురంలో శాసనం వేయించింది. ఆమె కవిత్వం కూడా చెప్పిందని, తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని కొందరు పండితులంటారు. మనం సాధారణంగా ఆ పీటను తాళ్లపాక తిమ్మక్కకు వేస్తాం. కుప్పాంబిక అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందరిది. పండితుల తగవు ఎలా తేలినా, భర్త లేని ఒక స్త్రీ ఆ రోజుల్లో తన పేరును రాతికెక్కించింది కదా, నాకు అదే పెద్ద విషయంగా తోస్తుంది.

గ్రీసు దేశంలో ఏథెన్సు నగరం నడుమ అక్రోపోలిస్ కొండ ఉంది. అదీ ఒకప్పుడు కోటే. తరవాత గుళ్లు వెలిశాయి. 1687లో తురుష్కులు లోపల దాచిన మందుగుండు మీద వెనిస్ వారి గుండు పడి పార్థెనాన్ ఆలయం బద్దలైంది. ఆ విరిగిన స్తంభాలనే లోకమంతా వెళ్లి చూస్తోంది. మన పాత కోటలకు ఎక్కువగా వచ్చేది మాత్రం గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు!

బూదపురమంటే ఎక్కడో కాదు, కర్నూలు రోడ్డు మీది భూత్‌పూరే. ఈసారి అటు వెళ్లినప్పుడు అక్కడ కాసేపు ఆగండి. ఘనపురం కూడా చూడాలనుకుంటే ఎండ ముదరకముందే కొండ ఎక్కండి. చెప్పులు గట్టివి వేసుకోండి, నీళ్లు మాత్రం ఇంటి నుంచే తీసుకువెళ్లండి.