పేరు కోసం ఎదురుచూసే డైనోసార్లు: మన ఆదిలాబాద్ ఎముకల కథ

ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్లో దిగండి. అక్కణ్ణుంచి నౌబత్ పహాడ్ ఎక్కితే బిర్లా సైన్స్ మ్యూజియం. లోపల ఒక పెద్ద అస్థిపంజరం నిలబెట్టి ఉంటుంది, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. బీటెక్‌లో ఉన్నప్పుడు నేనూ దాని ముందు ఫోటో దిగి వచ్చేశా. ఆ పేరులో ఉన్న యామన్‌పల్లి మన పాత ఆదిలాబాద్ జిల్లా ఊరని అప్పుడు తెలీదు.

ఇవాళ్టి టాపిక్ ఆ పేర్లే. డైనోసార్‌కి పేరు ఎప్పుడొస్తుంది? ఎముక దొరికిన రోజు మాత్రం కాదు. ఆ ఎముక ఎలా ఉంది, తెలిసిన జంతువులతో పోలిస్తే తేడా ఏంటి అని వర్ణన రాసి అచ్చు వేయాలి. ఈలోపు జనం పిలుచుకునేదంతా ముద్దుపేరే. వర్ణన లేకుండా పేరొక్కటే అచ్చులోకి వస్తే దాన్ని లాటిన్‌లో 'నోమెన్ న్యూడమ్' అంటారు, అంటే బట్టల్లేని పేరు! మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటేషన్ లేని ఫంక్షన్.

ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్‌లో ఒక భారీ మెడ వెన్నుపూస దొరికింది. 2004లో దాన్ని చక్కగా వర్ణించారు, కానీ ఆ ఒక్క ఎముక మీద కొత్త పేరు పెట్టలేదు. 'ఆంగ్లోపోసైడన్' అనే ముద్దుపేరు మాత్రం నిలిచిపోయింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ప్రాణహిత-గోదావరి లోయలో, కోటా రాళ్ళ పొరల్లో దొరికిన తుంటి ఎముక ముక్కకి 1982లో 'దండకోసారస్ ఇండికస్' అని పేరు పెట్టారు. పెట్టింది జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి. (ఆ సర్వే ఆఫీసు ఎక్కడో కాదు, నాగోల్ దాటాక వచ్చే బండ్లగూడలోనే ఉంది.) దండకారణ్యం గుర్తొచ్చే పేరు, వినడానికి ఎంత బాగుందో! కానీ ఒక్క ముక్కతో ఇది ఫలానా మాంసాహారి, వేరేది కాదు అని తేల్చడం కష్టం. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని సందేహాస్పదమైన పేర్ల లిస్టులో పెట్టారు. నాకైతే ఇది బాధగానే ఉంటుంది. పేరుంది, జంతువు మాత్రం తేలలేదు.

అదే యాదగిరి గారు కోటాసారస్ విషయంలో ఎంత పని చేశారో చూడండి. కనీసం 12 జంతువులకి చెందిన 840 ఎముకలు. 1988లో పేరు పెట్టారు. పూర్తి ఎముకల వర్ణన వచ్చింది 2001లో, అంటే ఇంకో 13 ఏళ్ళకి. తల మాత్రం దొరకలేదు, రెండు పళ్ళు తప్ప. అందుకే ఈసారి మ్యూజియంకి వెళ్తే మొండెం ఎక్కువసేపు చూడండి.

ఇక నాకు బాగా నచ్చిన కేసు. ఆదిలాబాద్ వైపు మాలేరి రాళ్ళ పొరల్లో దొరికిన ఒక నడుము భాగం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. స్టాటిస్టిక్స్ సంస్థకి డైనోసార్లేంటి అంటారా? దాన్ని పెట్టిన మహలనోబిస్‌కి భూగర్భశాస్త్రం అంటే కూడా ఇష్టం. లండన్ నుంచి పమేలా లాంప్లూ రాబిన్సన్‌ని పిలిపించి ఆ విభాగం మొదలుపెట్టించాడు. సరే, ఆ నడుము ఎముకలు చాలాకాలం ఐఎస్ఐ ఆర్282 అనే నంబరుతోనే ఉన్నాయి. 2011లో అదే చోటి నాంబాలియా, జాక్లపల్లిసారస్‌లకి పేర్లొచ్చాయి గానీ దీనికి రాలేదు. చివరికి 2025లో వచ్చింది: మాలేరిరాప్టర్ కుట్టీ. సుమారు 22 కోట్ల ఏళ్ళ నాటి మాంసాహారి. 'కుట్టీ' అంటే ఆ లోయలో ఏళ్ళ తరబడి తిరిగిన టి.ఎస్. కుట్టి.

2007లో పేర్లు వచ్చిన ఇంకో జంట ఉంది. లాంప్లూసారా, ఇందాక చెప్పిన రాబిన్సన్ పేరు మీద. ప్రధానియా, ధుయ్యా ప్రధాన్ పేరు మీద. ఆయన ప్రొఫెసర్ కాదు, ఆ ఇన్‌స్టిట్యూట్ కోసం ఎండలో తిరిగి శిలాజాలు ఏరిన మనిషి.