గేమ్ మాస్టర్: గెలవాల్సిన పని లేని మనిషి

చదరంగానికి ఇద్దరు చాలు. పేకాటకు నలుగురో ఆరుగురో కావాలి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి రోల్‌ప్లేయింగ్ ఆటలో మాత్రం ఆటగాళ్లకు ఎదురుగా ఇంకొకరు కూర్చోవాలి. ఒకరు దొంగ, ఒకరు మాంత్రికురాలు, ఒకరు యోధుడు. పాడుబడిన కోట గుమ్మంలో ఉన్నామనుకుని, "తలుపుకి చెవి ఆనించి వింటాను" అంటుంది మాంత్రికురాలు. లోపల ఏం వినిపించిందో చెప్పాల్సింది ఎదురుగా కూర్చున్న మనిషే. ఆ కోటా, కోటలోని రాక్షసులూ అన్నీ ఆ మనిషి చేతిలోవే. అయినా ఆటగాళ్లను ఓడించడం ఆ మనిషి పని కాదు. గేమ్ మాస్టర్ అంటే అదీ.

గేమ్ మాస్టర్ అంటే కథ చెప్పేవాడని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ కుర్చీలో మొదట కూర్చున్నవాళ్లు సైనికాధికారులు. వాళ్లు కథ చెప్పలేదు, తీర్పు చెప్పారు.

మన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరాక, దాన్ని నిజం యుద్ధానికి దగ్గర చేయాలని అక్కడివాళ్లు నానా తంటాలు పడ్డారు. 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో హెల్‌విగ్ అనే లెక్కల పండితుడు పదహారు వందలకు పైగా గళ్లతో యుద్ధ చదరంగం తయారుచేశాడు. అయినా ఇద్దరు ఆటగాళ్లకూ బల్ల మీదున్నదంతా కనిపిస్తూనే ఉంది. రణరంగంలో అలా ఉండదు కదా! కొండ వెనక శత్రువు ఉన్నాడో లేడో సేనానికి ఏం తెలుస్తుంది?

ఈ చిక్కుముడి విప్పింది అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాకు చెందిన రైస్విట్స్ తండ్రీకొడుకులు. తండ్రి 1812లో రాజుగారికి చూపించిన ఆట బల్ల మీద నేలను, నదులను దిమ్మలతో పేర్చుకునేది. ఫిరంగి దళంలో అధికారిగా ఉన్న కొడుకు దాన్ని మ్యాపు మీదికి మార్చి, 1824లో నియమాలు అచ్చువేశాడు. ఆ ఆట పేరు క్రీగ్‌ష్పీల్. రెండు పక్షాలవాళ్లూ తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇస్తారు. వాటి ప్రకారం మ్యాపు మీద దళాలను కదిపేది ఆయనే. ఎవరి సైనికులకు ఎంతవరకు కనిపిస్తుందో అంతే వాళ్లకు చూపిస్తాడు. పాచికలు వేసి, పట్టికలు చూసి ఎంతమంది చనిపోయారో తేలుస్తాడు. ఒక్కో వంతు యుద్ధరంగంలో రెండు నిమిషాలతో సమానం.

నా లెక్కలో గేమ్ మాస్టర్ పుట్టింది ఇక్కడే. అంతా తెలిసిన మనిషి ఒకరు, తెలియాల్సినంతే తెలిసిన మనుషులు కొందరు. ఆ తెలిసిన మనిషి ఎవరి పక్షమూ పట్టకూడదు.

ప్రష్యా సైన్యం ఈ ఆటను నెత్తిన పెట్టుకుంది. కానీ దశాబ్దాలు గడిచేకొద్దీ పట్టికలు పెరిగాయి, మధ్యవర్తులు వాటిలో మునిగిపోయారు. 1876లో వెర్డీ డు వెర్నువా అనే సేనాని ఇవన్నీ పక్కన పెట్టమన్నాడు. యుద్ధం చూసిన అధికారికి పట్టిక ఎందుకు, తన అనుభవంతోనే తేల్చగలడు అన్నది ఆయన వాదన. మధ్యవర్తి మంచివాడైతే ఆట నడుస్తుంది. మొండివాడైతే? పుస్తకాన్ని నమ్మాలా, మనిషిని నమ్మాలా అన్న తగువు అప్పుడు మొదలై ఇప్పటికీ తేలలేదు.

అట్లాంటిక్‌కు అవతల, 1880లో చార్లెస్ టోటెన్ అనే అమెరికన్ అధికారి స్ట్రాటెగోస్ పేరుతో ఇలాంటి ఆటే రాశాడు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత మిన్నెసోటా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఆ పుస్తకం డేవిడ్ వెస్లీ అనే యువకుడి కంటపడింది. ఆటగాడు ఏం చేయబోయినా సరే, జరుగుతుందో లేదో రిఫరీ తేలుస్తాడన్న ఊహ అతనికి తెగ నచ్చింది.

1969లో వెస్లీ మిత్రులను పిలిచి నెపోలియన్ కాలం నాటి యుద్ధం ఒకటి ఆడించాడు. బ్రౌన్‌స్టైన్ అనేది అతను కల్పించిన ఊరు, దాని మీదికి రెండు సైన్యాలు వస్తున్నాయి. అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చేసరికి, సైన్యాలు దక్కనివాళ్లకు ఊళ్లోని మనుషుల పాత్రలు పంచాడు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు విశ్వవిద్యాలయం పెద్ద. ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచి ఏం చేస్తారని అడగాలన్నది అతని పథకం. ఒకరితో మాట్లాడుతుండగా బయట ఉన్నవాళ్లు ఊరుకుంటారా? తమలో తాము కూడబలుక్కున్నారు, కుట్రలు పన్నారు, ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి సిద్ధమై వచ్చారు. ద్వంద్వయుద్ధానికి వెస్లీ దగ్గర నియమమే లేదు. అప్పటికప్పుడు ఏదో పాచికల లెక్క అల్లి తేల్చేశాడు. సైన్యాలు తలపడకుండానే ఆట ముగిసింది. అంతా చెడిందని వెస్లీ నీరసపడితే, మళ్లీ ఎప్పుడు ఆడదాం అంటూ మిత్రులు వెంటపడ్డారు.

ఆ మిత్రుల్లో డేవ్ ఆర్నెసన్ అసాధ్యుడు. తర్వాతి ఆటల్లో ఒకటి లాటిన్ అమెరికాలోని కల్పిత దేశంలో జరిగింది. అందులో అతని పాత్ర కరపత్రాలు పంచే విప్లవకారుడు. ఆర్నెసన్ దొంగ గుర్తింపుకార్డు సిద్ధం చేసుకుని, తాను సీఐఏ మనిషినని మిగతావాళ్లను నమ్మించాడు. నియమాల్లో ఎక్కడా లేని ఎత్తు ఇది. రిఫరీ ఒప్పుకోబట్టే చెల్లింది. 1971లో ఆర్నెసన్ తానే రిఫరీ అయి బ్లాక్‌మూర్ అనే ఊరిని, దాని కోట కింద నేలమాళిగలను సృష్టించాడు. ఆట ఒక రాత్రితో ముగిసేది కాదు. పాత్రలు వారం వారం అనుభవం గడిస్తూ బలపడేవి.

1972 చివర్లో ఆర్నెసన్ విస్కాన్సిన్ రాష్ట్రం లేక్ జెనీవాకు వెళ్లి గ్యారీ గైగాక్స్‌కు ఈ ఆట ఆడి చూపించాడు. గైగాక్స్ అప్పటికే చైన్‌మెయిల్ అనే మధ్యయుగ యుద్ధ క్రీడను తెచ్చినవాడు. ఆర్నెసన్ ఊహలకు గైగాక్స్ రాతపని తోడై 1974 జనవరిలో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాల పెట్టెగా వచ్చింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు, ధర పది డాలర్లు. ఆటను నడిపేవాణ్ని ఆ పుస్తకాలు రిఫరీ అనే పిలిచాయి. గ్రాఫ్ కాగితం మీద నేలమాళిగల పటాలు ముందే గీసి పెట్టుకోమని అతనికి చెప్పాయి. డన్జన్ మాస్టర్ అనే పేరు 1975 నాటి అనుబంధాల నుంచి వ్యాపించింది. మిగతా కంపెనీలు తమ ఆటల్లో గేమ్ మాస్టర్ అనో, ఇంకో పేరో పెట్టుకున్నాయి.

తర్వాత ప్రష్యా తగువే తిరగబెట్టింది. పోటీలు మొదలయ్యాయి. ఒకే నేలమాళిగను వేర్వేరు బృందాలు ఆడితే తీర్పులు ఒకేలా ఉండాలి కదా. 1977 నుంచి 1979 వరకు గైగాక్స్ లావుపాటి అట్టల పుస్తకాలు తెచ్చాడు. వాటిలో డన్జన్ మాస్టర్స్ గైడ్ ఆటను నడిపేవారి కోసమే రాసింది. దాని నిండా పట్టికలే. అయినా, ఆఖరి మాట నడిపేవాడిదే అంటుంది ఆ పుస్తకం కూడా.

1984లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ కోసం వచ్చిన డ్రాగన్‌లాన్స్ అనే సాహసాల వరుసతో కథల గాలి వీచింది. ఎవరు బతకాలో, ఎటు వెళ్లాలో ముందే చాలావరకు రాసి ఉండేది. బుర్రకథలో వంతలు అడిగే ప్రశ్నలూ కథకుడు ముందే కట్టుకున్నవే. బుర్రకథకు అది అందం. ఈ ఆటకు మాత్రం ప్రాణం తీసే పని. మాంత్రికురాలు వంతెన దాటకుండా దాన్ని తగలబెడతానంటే, కాదనడానికి గేమ్ మాస్టర్ దగ్గర కథ తప్ప ఇంకో కారణం లేకపోతే, అక్కడ ఆట అయిపోయినట్టే. కర్ర తడిసి ఉందా? నూనె ఉందా? కాపలావాళ్లకు మంట కనిపిస్తుందా? అడగాల్సినవి ఇవి. జవాబు చెప్పాక అది ఎవరికి కలిసొచ్చినా దానికే కట్టుబడాలి.

2010లో వచ్చిన విన్సెంట్ బేకర్ ఆట అపోకలిప్స్ వరల్డ్ ఈ సంగతిని నేరుగా నియమంగానే పెట్టింది. కథ ముందే అల్లుకోవద్దు, ఏం జరుగుతుందో ఆడి తెలుసుకోండి అంటుంది. గేమ్ మాస్టర్ అసలు పాచికలే వేయడు. ఎలా మాట్లాడాలి, ఎప్పుడు ఆపద తేవాలి, ఎవరి పక్షాన నిలవాలి అన్నవి సూత్రాలుగా రాసి ఉన్నాయి. వెర్డీ మనిషి అనుభవానికి వదిలేసినదాన్ని బేకర్ నేర్పగలిగే పనిగా మార్చాడు. ఈ రెండు వందల ఏళ్లలో గేమ్ మాస్టర్ పనికి జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

2023 జనవరిలో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పులోని మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, ఎవరైనా వాటిని అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మాంత్రికురాలు తెలుగులో అడిగి, తెలుగులో తీర్పు వినడానికి చట్టం అడ్డం లేదు. కూర్చుని రాసేవాళ్లు కావాలి.