చిత్రచమత్కారము: లేపాక్షి వృషభము నుండి ఫోటోషాప్ వఱకు

కన్నును వినోదముగా మాయచేయు విద్య కంప్యూటరుతో పుట్టినదని మన పిల్లలు తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదు. ఆ విద్యకు మన నాట దీర్ఘమైన చరిత్ర కలదు. అందలి మూడు ఘట్టములను మాత్రము ఈ వ్యాసమున పరిశీలింతును.

బెంగళూరునకు ఉత్తరముగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో లేపాక్షి యున్నది. అచటి వీరభద్రాలయము విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున (1529-42) విరూపణ్ణ పోషణమున వెలసినది. అందలి పైకప్పు చిత్రములను వర్ణించినవారు పెక్కురు. నేను చెప్పదలచినది ఒక చిన్న శిల్పమును గూర్చి. అది ఒకే దేహమును, మూడు తలలును గల వృషభము. రెండు తలలను అరచేతులతో కప్పి చూచినచో మిగిలినది సంపూర్ణమైన ఎద్దు. ఏ తలను విడిచి చూచినను దేహము దానికే చెక్కినట్లు అమరును.

దీనిని చూచిన తెలుగు ఉపాధ్యాయునకు శ్లేష జ్ఞప్తికి రాక మానదు. ఆ శతాబ్దముననే పింగళి సూరన రాఘవపాండవీయమును రచించెను. పదముల విఱుపు మార్చి చదివినచో ఒకే పద్యము రామకథయు నగును, భారతకథయు నగును. ఒకరిని చూచి వేఱొకరు చేసిరని నా వాదము కాదు. ఒకే అంగము చేత పలు పనులు చేయించు రుచి ఆనాటి కవికిని, శిల్పికిని సమానమని మాత్రమే నా మనవి.

రెండవ ఘట్టము చలనచిత్రము. 1898లో ఫ్రాన్సు దేశమున జార్జి మెలియే తన తలను తానే తీసి బల్లపై నుంచి, నాలుగు తలలతో ఆడిన చిన్న చిత్రమును నిర్మించెను. ఒకే ఫిల్ముపై పలుమాఱులు వెలుగు పడనిచ్చుటయే ఇందలి రహస్యము. నల్లని తెర యున్నచోట ఫిల్ము ఖాళీగా మిగులును. ఆ ఖాళీలో తరువాతి బొమ్మ కూర్చుండును. కెమెరా లోపలనే సాధించు ఇట్టి తంత్రములు మన భాషలో మాయాబజారు నందు పరాకాష్ఠ నందినవి. కె.వి. రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణమున ఆ చిత్రము 1957 మార్చి 27న విడుదలయ్యెను. తనంత తానే చుట్టుకొను గింబళి, కూర్చున్నవారిని గిరగిర త్రిప్పు గిల్పము, పిలువకయే కదలివచ్చు లడ్డూలు నేటికిని పిల్లలను నవ్వించుచున్నవి. 2010 జనవరి 30న అదే చిత్రము, కంప్యూటరు సాయమున రంగులద్దుకొని మరల తెరపైకి వచ్చెను.

ఇక మూడవది. 1987లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ నోల్, తన సోదరుడు జాన్ తోడ్పాటుతో ఫోటోషాప్‌ను రూపొందింప మొదలిడెను. అడోబి సంస్థ దానిని 1990 ఫిబ్రవరిలో వెలువరించెను. 1994 నాటి మూడవ రూపమున పొరలు చేరినవి. పొర యనగా గాజుపలక వంటిది. ఒకదానిపై నొకటి పేర్చి, దేనికది దిద్దుకొనవచ్చును. మాస్కున నలుపు పూసినచోట బొమ్మ దాగును, తెలుపు పూసినచోట కనబడును. లేపాక్షిలో మన అరచేయి చేసిన పనియు ఇదియే గదా! 1996లో వెలువడిన జింప్ ఉచితము కావున, ఈ విద్య పేదపిల్లలకును అందుబాటులోనికి వచ్చినది.

ఇచట నా తరగతిలో జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. తొమ్మిదవ తరగతి సామూహిక ఛాయాచిత్రము తీసిన నాడు ఒక బాలుడు జ్వరముచే రాలేదు. అతని మిత్రుడు వేఱొక చిత్రము నుండి వానిని కత్తిరించి, నీడ సైతము సరిపోవునట్లు వరుసలో నిలిపెను. అందఱును సంతసించితిమి. మఱుసటి వారము ఆ నేర్పరియే, మితభాషిణి యగు ఒక బాలిక ముఖమును గాడిద దేహమునకు అతికించి ఫోనులకు పంపెను. అది చూచి మొదట నేనును నవ్వితిని. అది నా తప్పు. ఆ బాలిక మూడు దినములు బడికి రాలేదు.

రెండు చిత్రములకును ఉపకరణ మొక్కటియే, నైపుణ్య మొక్కటియే. భేద మెచట నున్నది? లేపాక్షి శిల్పి మూడు తలలను మన యెదుటనే ఉంచెను. కప్పుటయు తెఱచుటయు మన చేతికి విడిచెను. మాయాబజారు తన పేరులోనే మాయ యని చెప్పుకొనెను. జ్వరపడిన బాలుడు తన చిత్రమును చూచి తానే మొదట నవ్వెను. ఆ బాలికకు మాత్రము ఆటలో పాలు లేదు; ఆమెయే ఆటవస్తు వయ్యెను. చూచువాని ఎఱుక, చూపబడువాని సమ్మతి అను రెండును ఉన్నప్పుడే చమత్కారము. అవి లోపించినచో అది మోసమో, హింసయో యగును.

పిల్లలకు ఈ సాఫ్టువేరు నేర్పవలదని నేననను, నేర్పవలెను. అయితే, ముందుగా ఒక్క దినము వారిని లేపాక్షికి తీసికొనిపోయి, ఆ వృషభము నెదుట నిలిపి, రెండు తలలను వారి చేతులతోనే కప్పించవలెనని మన సంఘ పెద్దలకు మనవి. వచ్చు సంవత్సరము మా తరగతితో నేనట్లు చేయ నిశ్చయించితిని. ఆ బాలికయు, ఆ బాలుడును ఇరువురును వత్తుమని చెప్పిరి.