గుర్రం గుర్రాన్ని కంటుంది: గ్రహాంతర వలస నవలల్లో సాంకేతిక ఎంపిక

రాబర్ట్ హైన్‌లైన్ 1955లో ప్రచురించిన ‘టన్నెల్ ఇన్ ద స్కై’ నవల మొదట్లోనే పాఠకుణ్ణి తికమకపెట్టే దృశ్యం ఒకటి ఉంది. నక్షత్రాల మధ్య దూరాన్ని ఒక్క అడుగులో దాటించే ద్వారం తెరుచుకుంటుంది. దానిగుండా కొత్త గ్రహానికి బయలుదేరే జనం వెంట ఉన్నవి ఏవో అద్భుత యంత్రాలు కావు, గుర్రాలు లాగే గూడుబండ్లు! ద్వారం తెరిచి ఉంచడం విపరీతమైన ఖర్చు. ఒకసారి మూశాక మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. ట్రాక్టరు పట్టుకెళితే దాని వెంట ఇంధనం, విడిభాగాలు, చివరికి ఆ విడిభాగాలు చేసే కర్మాగారం కూడా వెళ్లాలి. గుర్రమైతే మేత మేస్తుంది, పిల్లల్ని కంటుంది. హైన్‌లైన్ తర్కం ఇదే.

గ్రహాంతర వలస నవలల్లో సాంకేతికత గురించి మాట్లాడేవారు సాధారణంగా ఆధునికమా, ప్రాచీనమా అని విభజిస్తారు. ఆ విభజన వల్ల పెద్దగా ప్రయోజనం లేదని ఈ వ్యాసం వాదన. కొత్త గ్రహం మీద తిరిగి పుట్టించుకోగలిగేది ఏది, పుట్టించుకోలేనిది ఏది అన్నదే ఈ నవలల అసలు లెక్క. ఆ లెక్కలోకి ఒక్కో రచయిత ఎంత దూరం వెళ్లాడన్న దాన్నిబట్టి నవల బలం తేలుతుంది.

హైన్‌లైన్ గుర్రం ఆ లెక్కలో సగం వరకే నిలుస్తుంది. గుర్రానికి జీను, నాడాలు కావాలి. వాటికి తోలుపని, కమ్మరం తెలిసినవాళ్లు కావాలి. ఇవి నేర్చుకోగల పనులే కనుక వదిలేద్దాం. గడ్డి మాటేమిటి? భూమి మీది జంతువు అరిగించుకోగల మేత, పీల్చగల గాలి ఆ గ్రహంలో ముందే సిద్ధంగా ఉన్నాయి. అది రచయిత ఇచ్చిన వరం. ఈ బండ్ల బారుకు మాతృక పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పడమటి వలస. ఆ చారిత్రక బండ్లు కూడా స్వయంపూర్ణమైనవి కావు. వాటిలోని తుపాకులు, నాగళ్ల వెనుక తూర్పు రాష్ట్రాల ఇనుప పరిశ్రమ ఉంది. వాళ్లు వెళ్లిన నేల ఖాళీదీ కాదు. నవల ఈ రెండు సంగతులూ పట్టించుకోదు.

చిత్రమేమిటంటే, గడ్డి వరాన్ని హైన్‌లైనే అయిదేళ్ల ముందు లాగేసుకున్నాడు. 1950 నాటి ‘ఫార్మర్ ఇన్ ద స్కై’లో గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్ మీద రైతుకు ఇచ్చేది పొలం కాదు, రాయి. ఆ రాతిని యంత్రంతో నలగ్గొట్టాలి. నలగ్గొట్టిన పొడికి, పాలకు తోడు వేసినట్టు, సూక్ష్మజీవులున్న అసలు మట్టిని కలపాలి. ఆ నలగ్గొట్టే యంత్రాల కొరత, వాటి కోసం వంతు చూసుకోవడం కథలో రైతు జీవితాన్నే శాసిస్తాయి. ఉపగ్రహాన్ని వెచ్చగా ఉంచే వ్యవస్థ భూకంపంలో ఆగిపోయేసరికి చలికి జనం చచ్చిపోతారు. బాలుర కోసం రాసిన ఈ చిన్న నవల, నా దృష్టిలో, తర్వాత వచ్చిన గుర్రపు బండ్ల నవల కంటే నిజాయితీ గలది.

ఈ లెక్కను ఇంజనీర్లూ వేశారు. 1980లో శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో నాసా జరిపిన వేసవి అధ్యయనం, చంద్రుడి మీద తనను తాను తయారుచేసుకునే కర్మాగారాన్ని ఊహించింది. మొదట పంపాల్సిన విత్తన సామగ్రి బరువు 100 టన్నులని అంచనా. బయటినుంచి ఏమీ తేకుండా ఎంత భాగం అక్కడే తయారవుతుందన్నది అందులో కీలక ప్రశ్న. అధిక భాగం అక్కడే చేసుకోవచ్చు కానీ, సూక్ష్మమైన ఎలక్ట్రానిక్ భాగాల్లాంటి కొన్నింటిని భూమి నుంచి తెప్పించుకోక తప్పదని తేలింది. వాటికి విటమిన్లని పేరు పెట్టుకున్నారు. బరువులో అవి కొంచెమే, అందకపోతే మాత్రం మొత్తం ఆగిపోతుంది.

ఆరేళ్ల ముందే ఉర్సులా లె గ్విన్ ఈ విటమిన్ల సమస్యను నవలలో పెట్టింది. ‘ది డిస్‌పొసెస్డ్’ (1974)లో అనారెస్ ప్రజలు ప్రభుత్వం, ఆస్తి వదులుకుని ఎడారిలాంటి గ్రహానికి వలస వచ్చినవాళ్లు. యంత్రాలను మాత్రం వదులుకోలేదు: రైళ్లున్నాయి, పని పంపిణీకి కంప్యూటర్లున్నాయి. పాత ప్రపంచం ఉర్రాస్‌తో బంధం పూర్తిగా తెంచుకున్నామంటారు. కానీ ఏడాదికి ఎనిమిదిసార్లు అక్కడి నుంచి సరుకు ఓడలు వస్తాయి. ఇక్కడి లోహాలు తీసుకుని పెట్రోలియం, సున్నితమైన యంత్రభాగాలు, ఎలక్ట్రానిక్ సామగ్రి ఇచ్చి వెళతాయి. తమ స్వాతంత్ర్యం ఏ గిడ్డంగి మీద నిలబడిందో వాళ్లు మాట్లాడుకోరు. నవలలో ఆ ఓడలు దిగే చోటును చుట్టిన గోడ గురించి విమర్శకులు బోలెడు రాశారు. ఆ గోడ వెనుక దిగే సరుకు గురించి అంత రాయాల్సింది.

పెర్న్ అనే గ్రహం మీద జరిగే ఆన్ మెకాఫ్రీ నవలలు ఇంకో దారి పట్టాయి. కథా కాలక్రమంలో మొదటి ఘట్టమైన ‘డ్రాగన్స్‌డాన్’ (1988)లో వలస వచ్చినవారు కావాలనే తక్కువ యంత్రాలతో, వ్యవసాయం మీద బతకాలనుకుంటారు. తెచ్చిన ఎగిరే వాహనాలు బ్యాటరీలున్నంత కాలమే. అవి అయిపోతే అయిపోయినట్టేనని ముందే ఒప్పుకున్నారు. దిగిన ఎనిమిదేళ్లకు ఆకాశం నుంచి, తగిలిన ప్రతి జీవపదార్థాన్నీ తినేసే దారాలు రాలాయి. వాహనాలతో పోరాడితే బ్యాటరీలు త్వరగా హరించుకుపోతాయి. కిట్టి పింగ్ అనే జన్యుశాస్త్రవేత్త అక్కడి చిన్న ఎగిరే బల్లులను మార్చి, నిప్పు ఊదే డ్రాగన్లను సృష్టిస్తుంది. బ్యాటరీ అవసరం లేదు, అక్కడి రాయి నమిలితే మంట వస్తుంది, తరతరాలుగా గుడ్లు పెడతాయి. హైన్‌లైన్ గుర్రానికి మెకాఫ్రీ ఇచ్చిన జవాబు ఇది: పిల్లల్ని కనే పరికరం ఉండాలంటే ముందు అత్యున్నత ప్రయోగశాల ఉండాలి.

ఆ ప్రయోగశాల మాత్రం పిల్లల్ని కనదు. 1968 నాటి ‘డ్రాగన్‌ఫ్లైట్’కి వచ్చేసరికి, అంటే కథలో రెండున్నర వేల సంవత్సరాల తర్వాత, డ్రాగన్లు ఉన్నాయి గానీ వాటిని ఎవరు, ఎలా చేశారో తెలిసినవాళ్లు లేరు. దారాల నుంచి నేలను కాపాడటానికి పూర్వులు తయారుచేసిన పురుగులను పెర్న్ ఉత్తర ఖండపు రైతులు చీడ అనుకుని చంపేస్తుంటారు. పనిముట్టు బతికింది, వాడుక చెప్పే జ్ఞానం చచ్చింది. జీవసాంకేతికతను చౌకైన పరిష్కారంగా చూపే వలస నవలలు చాలా ఉన్నాయి. దాని ఖరీదు ఇంత స్పష్టంగా చూపినవి అరుదు.

ఇక్కడివరకు జీవి అయితే దానంతటదే కొనసాగుతుందన్న నమ్మకం ఎవరూ ప్రశ్నించలేదు. అరిజోనాలో 1991 నుంచి 1993 వరకు ఎనిమిది మంది లోపల మూసుకుని బతికిన కృత్రిమ జీవావరణ ప్రయోగం బయోస్ఫియర్ 2 ఆ నమ్మకాన్ని కుదిపింది. లోపలి ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14.5 శాతం దరిదాపుల్లోకి పడిపోయింది. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. మొక్కలు తిరిగి వాడుకోవాల్సిన ఆ వాయువులో చాలా భాగాన్ని గోడల కాంక్రీటు పీల్చుకుంది. చివరికి బయటినుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది.

కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ‘అరోరా’ (2015) ఆ లెక్కను అంతరిక్ష నౌకకు ఎక్కించింది. సుమారు 2,000 మంది తరాల తరబడి ప్రయాణించే ఆ నౌకలో విడిభాగాలకు కొరత లేదు. ప్రింటర్లు కావలసినవి చేసిపెడతాయి. నౌక ప్రధాన ఇంజనీరు దేవిని నిద్రపోనివ్వనిది ఫాస్ఫరస్. అది పోదు, మాయం కాదు, మొక్కలు అందుకోలేని రూపంలో ఎక్కడో చిక్కుకుంటుంది. ప్రింటరు వస్తువును చేయగలదు, మూలకాన్ని కాదు. తీరా చేరిన ఉపగ్రహం మీద సూక్ష్మజీవిలాంటి తెలియనిదేదో మనుషుల్ని చంపుతుంది. అప్పుడు నౌకలో జనం రెండుగా చీలిపోతారు. కొందరు అక్కడే మరో చంద్రుణ్ణి నివాసయోగ్యం చేస్తామని నౌకలో ఒక భాగంతో ఉండిపోతారు, మిగతావారు భూమికి తిరుగుముఖం పడతారు. రాబిన్సన్ కథను తిరిగి వచ్చేవారి వెంటే నడిపాడు. వలస సాధ్యం కాదన్న తన వాదనకు అది అనుకూలమైన ఎంపిక. ఏ యంత్రాన్ని వదులుకోవాలి, ఏ పంటను ముందు నాటాలి అని నిజంగా తేల్చుకోవాల్సినవాళ్లు మాత్రం ఆ ఉండిపోయినవాళ్లే. వాళ్లకు నవలలో దక్కిన చోటు చాలా తక్కువ.