సంక్లిష్ట ఫ్రాక్చర్లు: శస్త్రచికిత్స, ఉపద్రవాలు

ఎక్స్‌రేలో ఎముక ఎన్ని ముక్కలుగా కనిపిస్తే గాయం అంత పెద్దదని అనుకుంటాం. కాలు దక్కేదీ లేనిదీ మాత్రం ఎక్కువగా ఎక్స్‌రేకు అందని చర్మం, కండ, రక్తనాళాలే తేలుస్తాయి. మెట్ల మీద జారి విరిగిన కాలికీ, బండి గుద్ది విరిగిన కాలికీ తేడా దెబ్బలోని శక్తిది. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలు. సైబరాబాద్ ఐటీ కారిడార్‌లో ఫ్లైఓవర్లు సిగ్నళ్ల అడ్డు తగ్గించాయి, వేగానికి దారిచ్చాయి. అక్కడి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మొదలై మూడు వారాలు తిరక్కుండానే, 2019 నవంబరు 23న, దాని మీంచి కారు కింద పడి ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. బైకు మీద ఉన్నవారికి బంపర్ తగిలే ఎత్తులో ఉండేది టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక. దాని ముందువైపు కండ లేదు, పల్చటి చర్మమే కప్పు. పొడవాటి ఎముకల్లో ఓపెన్ ఫ్రాక్చర్లు, అంటే చర్మం చీలి పుండు పడేవి, దీనికే ఎక్కువ. వీటికి గస్టిలో, ఆండర్సన్ 1976లో చేసిన వర్గీకరణను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. అది ప్రధానంగా లెక్కలోకి తీసుకునేది పుండు పొడవు, మురికి, కండకు జరిగిన నష్టం.

కాబట్టి మొదటిరోజే ప్లేటు వేయకపోవడాన్ని జాప్యమనలేం. ముందు యాంటీబయాటిక్, వీలైతే గంటలోపే. తర్వాత చచ్చిన కండ తీసేసి సెలైన్‌తో కడిగి, బయటినుంచి ఫిక్సేటర్ బిగిస్తారు. వాపు దిగి చర్మం ముడతలు పడ్డాకే ప్లేటో రాడ్డో. చీలమండ పైభాగంలో వాపు మీదే కోత పెడితే కుట్లు విడి చీము పట్టడం చూశాక, 1990ల్లో ఈ దశల పద్ధతి నిలదొక్కుకుంది. ఒక్క కాలికి మూడు ఆపరేషన్లంటే బిల్లు కోసమేనన్న అనుమానం కార్పొరేట్ ఆసుపత్రుల ఊళ్లో సహజమే. అయితే రోగికి బిల్లు వేయని బ్రిటన్ ప్రభుత్వ వైద్యంలోనూ ఇదే క్రమం. తొడ ఎముకను ఒక్కరోజులోపు స్థిరపరిస్తే ఊపిరితిత్తుల సమస్యలు తగ్గుతాయని 1989 నాటి అమెరికా అధ్యయనం చూపింది కదా అనవచ్చు. తొడకు కండ దన్ను బాగా ఉంది. రోగి షాక్‌లో ఉంటే అక్కడా ముందు ఫిక్సేటరే.

ఇక నాటువైద్యంలో పుత్తూరు కట్టుకు పేరు ఊరికే రాలేదు: ముక్కలు పక్కకు జరగని మామూలు ఫ్రాక్చర్ కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. నలిగిన కాలికి బిగుతుగా కట్టు కడితే మాత్రం లోపలి ఒత్తిడి పెరిగి, కండ కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది. వేళ్లు సాగదీస్తే ప్రాణం పోయేంత నొప్పి దాని తొలి గుర్తు. అప్పుడు కట్టు విప్పి, అవసరమైతే కండరాలను చుట్టిన పొరలను చీల్చాలి. చీము పట్టి ఎముక భాగం తీసేయాల్సివస్తే, సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ రూపొందించిన చట్రం ఉంది. అది ఎముకను రోజుకు మిల్లీమీటరు జరుపుతుంది. నాలుగు సెంటీమీటర్ల ఖాళీకి నలభై రోజులు. కొత్త ఎముక గట్టిపడడానికి సాధారణంగా అంతకు రెట్టింపు.